సూపర్‌చార్జర్ కారులో వాటర్ ఇంటర్‌కూలర్: బిగించాక వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సూపర్‌చార్జర్ అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే బ్లోయర్. నొక్కినప్పుడు వేడెక్కిన ఆ గాలి ఇంటర్‌కూలర్ కోర్ దాటుతూ తన వేడిని నీటికిస్తుంది, ఆ నీటిని పంపు కారు ముందున్న వేరే రేడియేటర్‌కి తిప్పి చల్లారుస్తుంది. ఇంటర్‌కూలర్ బిగించారు, నీళ్లు పోశారు, పంపు తిరుగుతోంది. అయినా యాక్సిలరేటర్ రెండు మూడు సార్లు గట్టిగా తొక్కేసరికి ఇంజన్ నీరసపడుతోంది. ఇలాంటప్పుడు చాలామంది పెద్ద రేడియేటర్ కోసమో, పెద్ద పంపు కోసమో వెతకడం మొదలుపెడతారు. ముందు కొలవండి. కొత్తగా బిగించిన సిస్టమ్‌లో తప్పు ఎక్కువగా రెండే చోట్ల దొరుకుతుంది: నీరు సరిపడా తిరగదు, లేదా పైపుల్లో గాలి చిక్కుకుని ఉంటుంది. కొత్త సామాను కొన్నా ఈ రెండూ అలాగే ఉండిపోతాయి.

ముందు లెక్క తెలియాలి

బయటి గాలి 30 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుందాం. సూపర్‌చార్జర్ దాన్ని 0.7 బార్ బూస్ట్‌కి (బయటి పీడనం కంటే 0.7 బార్ ఎక్కువకి) నొక్కితే, ఏ నష్టమూ లేకపోయినా గాలి దాదాపు 80 డిగ్రీలకు వేడెక్కుతుంది. బ్లోయర్ సామర్థ్యం 65 శాతమైతే 105 దాటుతుంది, 55 శాతమైతే 120 దగ్గరికి పోతుంది. సుమారు 400 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ పూర్తి లోడ్‌లో సెకనుకు 0.3 కిలోల గాలి మింగుతుంది. ఆ గాలిని 60 డిగ్రీలు చల్లార్చాలంటే 18 కిలోవాట్ల వేడి నీటిలోకి పోవాలి. నీరు నిమిషానికి 20 లీటర్లు తిరుగుతుంటే కోర్ దాటేసరికి 13 డిగ్రీలు వేడెక్కుతుంది. 8 లీటర్లే తిరుగుతుంటే 32 డిగ్రీలు వేడెక్కుతుంది. ఈ తేడానే మీకు అసలు ఆధారం.

అందుకే నాలుగు చోట్ల ఉష్ణోగ్రత చూడాలి: కోర్‌లోకి వెళ్లే నీరు, కోర్ నుంచి వచ్చే నీరు, కోర్ దాటిన గాలి, బయటి గాలి. థర్మోకపుల్ ప్రోబ్‌ని (ఉష్ణోగ్రత కొలిచే వైరు సెన్సర్‌ని) మెటల్ ఫిట్టింగ్‌కి ఆనించి, పైన ఇన్సులేషన్ చుట్టండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడితే మెరిసే అల్యూమినియం మీద తప్పు లెక్క చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. ఐడిల్‌లో తీసిన అంకెలతో ఏమీ తేలదు, లోడ్ మీద ఉన్నప్పుడే కొలవాలి.

కోర్ ముందు, వెనక నీటి తేడా 20 డిగ్రీలు దాటితే నీరు తక్కువగా తిరుగుతోందన్న మాట. తేడా మామూలుగానే ఉండి, నీరంతా బయటి గాలికంటే బాగా వేడిగా ఉంటే ముందున్న రేడియేటర్ వేడిని వదల్లేకపోతోంది. నీరు చల్లగా ఉండి గాలి మాత్రం వేడిగా ఉంటే తప్పు కోర్ దగ్గరే వెతకాలి.

సమస్య: పంపు శబ్దం వస్తోంది, కానీ గాలి ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంది

ట్యాంకులోంచి గుడగుడ శబ్దం, తిరిగొచ్చే పైపులో బుడగలు, ఒక పైపు వేడిగా ఉండి పక్కది చల్లగా ఉండటం, ఇవన్నీ గాలి పట్టిందనడానికి గుర్తులు. ఈ పంపులు సెంట్రిఫ్యూగల్ రకం. నీటిని తోస్తాయి తప్ప గాలిని లాగలేవు. కాబట్టి పంపు ట్యాంకు కంటే కిందే ఉండాలి. ట్యాంకు అడుగు నుంచి పంపు వరకు పైపు పొట్టిగా, మెలికలు లేకుండా, లోపలి వ్యాసం 19 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. మెత్తటి పైపు వాడితే పంపు లాగుడుకి అది లోపలికి నొక్కుకుపోతుంది. వేడెక్కి మెత్తబడ్డాకే ఇలా అవుతుంది కాబట్టి షెడ్డులో చూసినప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది.

వరుస ఇలా ఉంచండి: ట్యాంకు, పంపు, కోర్, ముందు రేడియేటర్, మళ్లీ ట్యాంకు. పంపు తర్వాత రేడియేటర్, ఆ తర్వాత కోర్ వచ్చినా పనిచేస్తుంది. ట్యాంకు నీరు తన బరువుతోనే పంపులోకి దిగాలన్నదే మార్చకూడని నియమం. కోర్‌లోకి నీరు కింది మూతి నుంచి ఎక్కి పై మూతి నుంచి బయటికి రావాలి, అప్పుడే బుడగలు దానితోపాటు కొట్టుకుపోతాయి. తిరిగొచ్చే పైపు ట్యాంకులో నీటి మట్టానికి కిందే తెరుచుకోవాలి. పై నుంచి ధారగా పడితే అదే నీటిలో గాలి కలుపుతుంది.

వి ఆకారపు ఇంజన్లలో కోర్ బ్లోయర్ కిందో, పైనో ఉంటుంది. 2003 ఫోర్డ్ మస్టాంగ్ ఎస్‌వీటీ కోబ్రాలో ఈటన్ ఎం112 బ్లోయర్ కిందే దాన్ని అమర్చారు. 2009 షెవ్రొలే కార్వెట్ జడ్‌ఆర్1లో రెండు కోర్లు బ్లోయర్‌తోపాటే ఉంటాయి. ఇలా కోర్ ఎత్తులో ఉండే కార్లలో ట్యాంకు కోర్ కంటే కిందికి వస్తే గాలంతా కోర్‌లోనే నిలిచిపోతుంది. అప్పుడు కోర్ పై మూతి దగ్గర గాలి వదిలే స్క్రూ పెట్టాలి, లేదా అక్కడి నుంచి ట్యాంకు పైభాగానికి సన్నటి పైపు వేయాలి.

గాలి తీసే పద్ధతి: ఇంజన్ పూర్తిగా చల్లారాక, నీళ్లు పోసే మూత అన్నిటికంటే ఎత్తులోకి వచ్చేలా కారుని ఆ వైపు పైకెత్తి, స్టాండ్ల మీద నిలపండి. నీళ్లు నెమ్మదిగా పోయండి. పంపుని 30 సెకన్లు నడిపి ఒక నిమిషం ఆపండి. ఆపినప్పుడే బుడగలు పైకి చేరతాయి, ఆగకుండా నడిపితే అవి గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఇలా ఆరేడు సార్లు చేస్తూ పైపుల్ని చేత్తో నొక్కుతుండండి, స్క్రూ దగ్గర నీరు బుడగలు లేకుండా వచ్చాక మూసేయండి. మరుసటి రోజు చల్లటి ఇంజన్ మీద మట్టం మళ్లీ చూసుకోండి, కొంచెం తగ్గి ఉంటుంది. వాక్యూమ్‌తో నింపే పరికరం ఉంటే పని ఇంకా సులువు. వాక్యూమ్ కొన్ని నిమిషాలు నిలిస్తే లీకు లేదని కూడా తేలిపోతుంది. నీళ్లు లేకుండా మాత్రం పంపుని నడపొద్దు. దాని సీలుకి, బేరింగుకి ఆ నీరే చల్లదనం, ఆ నీరే కందెన.

నీరు ఎంత తిరుగుతోందో తేల్చడానికి బకెట్ చాలు. ట్యాంకుకి తిరిగొచ్చే పైపుని ఊడదీసి, దాని మూతిని ట్యాంకు ఎత్తులోనే పట్టుకుని, 15 సెకన్లు బకెట్‌లోకి వదలండి. ఆ సేపూ ట్యాంకులో నీరు తగ్గకుండా ఇంకొకరు పోస్తుండాలి. 5 లీటర్లు వస్తే నిమిషానికి 20 లీటర్లు. పైపుని కిందికి దించి కొలిస్తే నీరు దిగువకు జారి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

సమస్య: గాలి అంతా తీశాం, అయినా ప్రవాహం తక్కువే

కరెంటు చూడండి. ఇంజన్ నడుస్తుండగా, పంపు తిరుగుతుండగా పంపు టెర్మినల్స్ దగ్గరే మల్టీమీటర్ పెట్టండి. 13 వోల్టులకు దగ్గరగా రావాలి. బ్యాటరీ దగ్గర 14 ఉండి ఇక్కడ 12 లోపే ఉంటే వైరు సన్నగా ఉంది, లేదా ఎర్త్ బాగాలేదు. బ్యాటరీ నెగటివ్‌కీ పంపు నెగటివ్‌కీ మధ్య 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు బిగించినచోట పెయింట్ గీకి, మళ్లీ గట్టిగా బిగించండి.

రిలే (పంపుకి కరెంటు కలిపే స్విచ్) వైరింగ్, దాని కాళ్ల మీది అంకెల ప్రకారం: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా, 87 నుంచి పంపుకి, 86కి ఇగ్నిషన్, 85కి ఎర్త్. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. బూస్ట్ వచ్చినప్పుడే పంపు ఆన్ అయ్యేలా స్విచ్ పెట్టడం మంచి ఆలోచన కాదు. నీరు కదలడం మొదలయ్యేలోపే కోర్ వేడెక్కిపోతుంది. కీ ఆన్ చేసినంతసేపూ పంపు తిరగనివ్వండి.

ఇక వైర్లు తారుమారు కావడం. బ్రష్‌లున్న మోటారుకి ప్లస్, మైనస్ మారితే అది వెనక్కి తిరుగుతుంది. శబ్దం మామూలుగానే ఉంటుంది, నీరు కొంత కదులుతుంది కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాదు. బ్రష్‌లెస్ పంపు అయితే తిరగకపోవచ్చు, లోపలి ఎలక్ట్రానిక్స్ పాడవ్వనూ వచ్చు.

సమస్య: రోడ్డు మీద బాగానే ఉంది, ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కుతోంది

కొంతవరకు ఇది సహజమే. కారు ఆగితే ముందు రేడియేటర్‌కి గాలి ఉండదు. కదిలిన కొద్దిసేపటికే ఉష్ణోగ్రత దిగిపోతే కంగారు అక్కర్లేదు. అల్యూమినియం మానిఫోల్డ్‌లో బిగించిన సెన్సర్ చాలాసార్లు గాలికి బదులు లోహం వేడినే చూపిస్తుంది.

పది నిమిషాలు ఒకే వేగంతో నడిపినా నీరు బయటి గాలికంటే 10 డిగ్రీలకు పైగా వేడిగా ఉంటే మాత్రం గాలి దారి సరిచేయాలి. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. రేడియేటర్ చుట్టూ ఖాళీలుంటే పక్కల నుంచి జారిపోతుంది. బంపర్ నుంచి రేడియేటర్ అంచుల వరకు షీటుతో దారి కట్టి, ఖాళీల్ని ఫోమ్ పట్టీతో మూయండి. పెద్ద రేడియేటర్ కొనడానికంటే ముందు చేయాల్సిన పని ఇదే. బిగించాక ఇంజన్ నీటి ఉష్ణోగ్రత కూడా పెరిగిందంటే, వెనకనున్న ప్రధాన రేడియేటర్‌కి గాలి తగ్గిందని అర్థం. అదే ఫోమ్, పనిచేసే ఫ్యాన్ చాలావరకు సరిచేస్తాయి. ఇంటర్‌కూలర్ నీటిని ఇంజన్ కూలెంట్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు. అది 90 డిగ్రీల నీరు.

ట్యాంకు పెద్దదైతే వేడి తగ్గదు, వేడెక్కడం ఆలస్యమవుతుంది అంతే. రేడియేటర్ ఏమీ వదలకపోతే 18 కిలోవాట్ల దగ్గర మొత్తం 3 లీటర్ల నీరు సెకనుకు దాదాపు 1.4 డిగ్రీలు పెరుగుతుంది, 10 లీటర్లు 0.4 డిగ్రీలు పెరుగుతాయి. కొద్ది సెకన్లపాటు గట్టిగా తొక్కేవారికి పెద్ద ట్యాంకు బాగా ఉపయోగం. ట్రాక్ మీద ల్యాప్ వెంట ల్యాప్ తిప్పేవారికి రేడియేటరే దిక్కు.

సమస్య: నీరు చల్లగానే ఉంది, గాలి మాత్రం వేడిగా వస్తోంది

కోర్ చుట్టూ ఉండే సీలు బిగించలేదేమో, నలిగిపోయిందేమో చూడండి. కొంత గాలి కోర్‌ని తప్పించుకుని పక్క నుంచి పోతోంది. కోర్ పైభాగంలో గాలి నిలిచినా ఇదే లక్షణం. సెన్సర్ కోర్ తర్వాతే ఉందని కూడా నిర్ధారించుకోండి.

సమస్య: ఇంటర్‌కూలర్ పెట్టాక బూస్ట్ తగ్గింది

కొంచెం తగ్గడం లోపం కాదు. చల్లబడిన గాలి కుదించుకుపోతుంది కాబట్టి గేజ్‌లో పీడనం తగ్గినా సిలిండర్లోకి వెళ్లే గాలి బరువు పెరుగుతుంది. అందుకే గాలి-పెట్రోల్ నిష్పత్తిని వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో మళ్లీ చూడాలి. ఇంజెక్టర్లు అంచుకి వచ్చేసి ఉంటే మిశ్రమం పలచబడి (పెట్రోల్ చాలక) నాకింగ్, అంటే సిలిండర్‌లో మంట అదుపు తప్పడం, వస్తుంది.

ఎక్కువగా తగ్గితే, వీలున్న కార్లలో కోర్‌కి ముందు, వెనక పీడనం కొలవండి. తేడా 0.15 బార్ దాటితే కోర్ చిన్నది, లేదా ఎక్కడో అడ్డుపడింది. రెండు చోట్లా ఒకేలా పడిపోతుంటే, పైగా ఆర్‌పీఎం పెరిగేకొద్దీ పడిపోతుంటే, బెల్టు జారుతోంది లేదా బైపాస్ వాల్వ్ (బ్లోయర్ గాలిని వెనక్కి వదిలే వాల్వ్) పూర్తిగా మూసుకోవట్లేదు. పైపు జాయింట్లు ఊడుతుంటే నూనె మరకలు తుడిచి, టీ-బోల్ట్ క్లాంపులు వేయండి.

సమస్య: బయట ఎక్కడా లీకు లేదు, నీటి మట్టం తగ్గుతోంది

ఇక్కడ మాత్రం కారు కదపకుండా ఆగండి. కోర్ లోపల పగిలితే బూస్ట్‌లో గాలి నీటిలోకి దూరుతుంది. ట్యాంకు పొంగుతుంది, ఎన్నిసార్లు తీసినా గాలి మళ్లీ పడుతుంది. ఇంజన్ ఆపాక అదే దారిలో నీరు మానిఫోల్డ్‌లోకి కారుతుంది. నీరు నిండిన సిలిండర్‌ని స్టార్టర్‌తో తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్టార్ట్ చేయగానే మిస్‌ఫైర్, తెల్లటి పొగ, తియ్యటి వాసన కనిపిస్తే అనుమానం బలపడ్డట్టే.

స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ డిస్‌కనెక్ట్ చేసి, అప్పుడే ఇంజన్ తిప్పి నీరు బయటికి పంపండి. తర్వాత కోర్ విప్పి, ఒక మూతి మూసి, రెండో దాని నుంచి 1 బార్ గాలి పెట్టి గోరువెచ్చటి నీటిలో పది నిమిషాలు ముంచండి. ఒక్క బుడగ వచ్చినా ఆ కోర్‌ని తిరిగి బిగించొద్దు. బుడగలు లేకపోతే ఫిట్టింగుల ఓ-రింగులు మార్చండి. లీకు ఆపే మందులు పోయొద్దు, అవి కోర్‌లోని సన్నటి దారుల్నే మూసేస్తాయి.

నీళ్ల విషయం

పోసే నీరు డిస్టిల్డ్ వాటరే అయి ఉండాలి. గ్లైకాల్ (నీరు గడ్డకట్టకుండా కలిపే ద్రవం) సగం కలిపితే నీరు మోసే వేడి సుమారు ఆరో వంతు తగ్గుతుంది. గడ్డకట్టే చలి లేనిచోట నీటికి తుప్పు పట్టనివ్వని అడిటివ్ కలిపితే చాలు. చలి ఉన్నచోట, అక్కడి కనిష్ఠ ఉష్ణోగ్రతకు సరిపడేంత గ్లైకాల్ తప్పనిసరి, ఎందుకంటే నీరు ఒక్కసారి గడ్డకట్టినా కోర్ పగులుతుంది.