ఏ ప్రతాపరుద్రుడు నాయనా? ఒకే పేరున్న పెద్దల్ని కలిపేయకుండా ఉండాలంటే

పోయిన సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్లో పిల్లలకి క్విజ్ పెట్టారు, ప్రశ్నలు రాసే పని నా నెత్తిన పడింది. రాత్రి పదకొండింటికి కూర్చుని గబగబా ముప్పై ప్రశ్నలు కొట్టేశా. అందులో ఒకటి హనుమకొండ వేయిస్తంభాల గుడి ఎవరు కట్టించారు అని, జవాబు దగ్గర ప్రతాపరుద్రుడు అని రాసుకున్నా. తెల్లారి ఒక పాప లేచి "రుద్రదేవుడు" అంది, తప్పమ్మా కూర్చో అన్నా, పక్కనున్న పిల్లాడు "ప్రతాపరుద్రుడు" అంటే వాడికి చాక్లెట్ ఇచ్చా. అప్పుడు రెండో వరసలోంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు మెల్లగా లేచి "ఏ ప్రతాపరుద్రుడు నాయనా?" అన్నారు. మైకు పట్టుకుని గుటకలు మింగడం తప్ప నా దగ్గర జవాబు లేదు.

పాప చెప్పిందే కరెక్టు. ఆ గుడి శాసనం 1163 నాటిది, వేయించింది కాకతీయ రుద్రదేవుడు. చిక్కెక్కడంటే ఈయన్ని కూడా కొన్ని పుస్తకాల్లో మొదటి ప్రతాపరుద్రుడు అని రాస్తారు, నేను మనసులో అనుకున్నదేమో ఢిల్లీ సైన్యానికి పట్టుబడిన ఆఖరి ప్రతాపరుద్రుడు. ఇద్దరికీ మధ్య నూటపాతికేళ్ళ పైన తేడా. ఆ రోజు నుంచి పేరు చూడగానే ఆగడం అలవాటు చేసుకున్నా, ఎలా ఆగాలో, ఆగి ఏం చూడాలో చెప్తా, పిల్లల ప్రాజెక్టులకి పనికొస్తుంది, వాట్సాప్‌లో బాబాయిలతో వాదనలకి ఇంకా బాగా పనికొస్తుంది.

పేరు కనపడగానే మూడు ప్రశ్నలు వేసుకోండి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి తాలూకు. పెళ్ళిలో కొత్త మనిషి కనిపిస్తే "మీదే ఊరు బాబూ, ఎవరి తాలూకు" అని మన పెద్దమ్మలు అడగరూ, అచ్చం అదే పద్ధతి. ఓరుగల్లు మీద ఒకసారి వేసి చూద్దాం, ఎందుకంటే రుద్రులు అంత గుంపుగా ఇంకెక్కడా దొరకరు. ముందు రుద్రదేవుడు, 1158 నుంచి 1195 దాకా, రెండో ప్రోలరాజు కొడుకు, వేయిస్తంభాల గుడి ఆయనది. తర్వాత రేచర్ల రుద్రుడు, ఈయన అసలు రాజే కాదు, గణపతిదేవుడి సేనాని, పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు, శాసనం 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది దానికే. ఆ తర్వాత రుద్రమదేవి, 1262 నుంచి 1289, గణపతిదేవుడి కూతురు, కానీ శాసనాల్లో ఆవిడ పేరు "రుద్రదేవ మహారాజు" అని మగవాళ్ళ పేరులా ఉంటుంది, కాబట్టి శాసనంలో రుద్రదేవుడు అని కనిపించగానే మొదటాయన అనుకుంటే తాతగారి అన్నగారిని తెచ్చి మనవరాలి సింహాసనం మీద కూర్చోబెట్టినట్టే. చివరికి ప్రతాపరుద్రుడు, 1289 నుంచి 1323, రుద్రమదేవి కూతురు ముమ్మడమ్మ కొడుకు, ఢిల్లీకి తీసుకెళ్తుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని ప్రోలయ నాయకుడి విలస శాసనం చెప్తుంది. నలుగురూ వరంగల్ చుట్టుపక్కలే, "ఎక్కడ" అన్న ప్రశ్న ఇక్కడ అస్సలు పనిచెయ్యదు, సంవత్సరం, చుట్టరికం ఈ రెండే కాపాడతాయి.

ఇక్కడితో అయిపోలేదండోయ్. ఇంకో ప్రతాపరుద్రుడున్నాడు, ఒడిశా గజపతి, 1497 నుంచి 1540, పురుషోత్తమ గజపతి కొడుకు. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు లాక్కుంది ఈయన దగ్గరే, తర్వాత ఈయన కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు. మా బంధువుల గ్రూపులో ఒకాయన "కృష్ణదేవరాయలు కాకతీయుల అల్లుడు" అని ఫార్వర్డ్ పెట్టాడు, కింద పద్దెనిమిది మంది దండాలు పెట్టారు. కాకతీయ ప్రతాపరుద్రుడు పోయాక దాదాపు నూట యాభై ఏళ్ళకి గానీ రాయలు పుట్టనే లేదు. ఇలాంటి చోట "ఎక్కడ" అన్న ప్రశ్న ఒక్కటి చాలు, కటకమా (ఒడిశాలోని కటక్) ఓరుగల్లా అని.

అసలు ఇన్నిసార్లు ఒకే పేరు ఎందుకొస్తుంది అంటే కారణం మనింట్లోనే ఉంది, తాత పేరు మనవడికి పెట్టడం. మా తాత సుబ్బారావు, ఆయన మనవళ్ళలో ముగ్గురు సుబ్బారావులు, వాళ్ళని ఇంట్లో పొడుగు సుబ్బడు, బ్యాంకు సుబ్బడు, బెంగళూరు సుబ్బడు అంటాం. రాజులదీ అదే వరస. తంజావూరు పెద్దగుడి కట్టించిన రాజరాజ చోళుడు తన కూతురు కుందవైని వేంగి చాళుక్య విమలాదిత్యుడికి ఇచ్చాడు, వాళ్ళకి పుట్టిన పిల్లాడికి అమ్మమ్మగారింటి తాత పేరే వచ్చింది, ఆయనే మన రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం రాయించినాయన. ఈయన మళ్ళీ మేనమామ రాజేంద్ర చోళుడి కూతుర్ని చేసుకున్నాడు, కొడుకు పుడితే వాడికి రాజేంద్రుడు, మళ్ళీ తల్లివైపు తాత పేరు! ఆ రాజేంద్రుడే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. అదొక్కటే కాదు, రాజరాజ చోళుడి అక్క పేరు కూడా కుందవైయే, పొన్నియిన్ సెల్వన్ సినిమాలో త్రిష వేసిన కుందవై ఆ అక్క, వేంగికి కోడలిగా వచ్చింది మేనకోడలు కుందవై. సినిమా చూసొచ్చి "మన రాజరాజ నరేంద్రుడి అమ్మ త్రిషే కదా" అన్న మా మరదలికి ఇది కాగితం మీద గీసి చూపించాల్సి వచ్చింది.

కాబట్టి రెండో పని, కాగితం తీసుకుని వంశవృక్షం గీయండి. పెద్దగా అక్కర్లేదు, తాత, తండ్రి, తల్లి, మనిషి, కొడుకు, ఐదు గళ్ళు చాలు. తల్లి గడి మాత్రం వదలొద్దు, శాతవాహనుల దగ్గరికొస్తే అదే దిక్కు. శాతకర్ణి అన్న పేరు ఎంతమందికి ఉందో, నానేఘాట్ శాసనంలో నాగనిక భర్త ఒక శాతకర్ణి, నాసిక్ శాసనంలో గౌతమీ బాలశ్రీ కొడుకు ఇంకో శాతకర్ణి, అందుకే తల్లి పేరు ముందు తగిలించి గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని చెప్పుకున్నారు. అదీ ప్రతిసారీ పనిచెయ్యదనుకోండి. నాగార్జునకొండ ఇక్ష్వాకుల్లో తాత వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మనవడు కూడా వాసిష్ఠీపుత్ర చాంతమూలుడే, మనవడి పేరులో "ఎహువుల" అన్న ఒక్క ముక్క లేకపోతే ఇద్దర్నీ విడదీయడానికి నానా తంటాలు పడాలి. చిన్న ముక్కే కదా అని అలాంటివి కోసేయకండి, పేరంతా కాపీ చేసుకోండి.

ముద్దుపేర్లు కూడా అంతే. తూర్పు చాళుక్యుల్లో విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అన్నవి ఒకరి తర్వాత ఒకరు పెట్టుకునే బిరుదుల్లాంటివి, రాజరాజ నరేంద్రుడికి కూడా విష్ణువర్ధన బిరుదు ఉంది. అందుకే కుబ్జ విష్ణువర్ధనుడు, గుణగ విజయాదిత్యుడు అని ముందు ముక్కతో గుర్తుపెట్టుకోవాలి. కుబ్జ అంటే గూని, వేంగి రాజ్యం మొదలెట్టిన మహారాజుని మొహమాటం లేకుండా అలాగే పిలిచారు, మా పొడుగు సుబ్బడికి ఇది చెప్తే కాస్త ఊరట పడ్డాడు. బేలూరు గుడి కట్టించిన హొయసల విష్ణువర్ధనుడు వేరే, ఆయనది పన్నెండో శతాబ్దం.

మొదటి, రెండవ అన్న నంబర్లని గుడ్డిగా నమ్మకండి. ఏ రాజూ నేను రెండోవాణ్ణి అని శాసనం వేయించుకోలేదు, అవన్నీ తర్వాత చరిత్రకారులు తగిలించినవి. కాకతీయ రుద్రదేవుణ్ణి మొదటి ప్రతాపరుద్రుడిగా లెక్కేసే పుస్తకంలో ఆఖరాయన రెండో ప్రతాపరుద్రుడు అవుతాడు, లెక్కెయ్యని పుస్తకంలో ఉత్త ప్రతాపరుద్రుడు. రెండు పుస్తకాల్లోంచి సగం సగం తీసుకుని నోట్స్ రాస్తే ఇక అంతే సంగతులు. నంబరు పక్కన సంవత్సరాలు రాసుకుంటే గొడవుండదు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన కేసు, నాగార్జునుడు. శూన్యవాదం చెప్పిన బౌద్ధ ఆచార్యుడు సుమారు క్రీస్తుశకం రెండో శతాబ్దం వాడు, శాతవాహన రాజుకి ఉత్తరం రాశాడని పేరు. పాదరసంతో బంగారం చేసే రసవాది నాగార్జునుడు ఇంకొకడు, 1030 ప్రాంతంలో మన దేశం గురించి పుస్తకం రాసిన పండితుడు అల్ బీరూనీ, సోమనాథ్ దగ్గరి దైహక్ కోటకి చెందిన నాగార్జునుడు తనకి సుమారు వందేళ్ళ ముందు ఉండేవాడని చెప్తాడు. తాంత్రిక సిద్ధుల జాబితాలో మళ్ళీ ఒక నాగార్జునుడు. మరి కథలు చెప్పేవాళ్ళు ఏం చేశారంటే అందర్నీ ఒకే మనిషిని చేసేశారు, టిబెట్ కథల్లో ఆయన ఆరొందల ఏళ్ళు బతికాడు! ఇక్కడ ఒక చిట్కా దొరుకుతుంది, మనిషి వయసు వందలు దాటుతున్నా, ఒక్కడే వైద్యం, తత్వం, రసవాదం, మంత్రం అన్నీ చేసేస్తున్నా అక్కడ ఇద్దరో ముగ్గురో అతుక్కుపోయారని అనుమానించండి. రాసిన పుస్తకం ఏ కాలం భాషలో ఉంది, దాన్ని వేరే దేశంలో ఎప్పుడు అనువదించారు అని చూస్తే అతుకు ఊడొస్తుంది. ఐదో శతాబ్దం మొదట్లోనే కుమారజీవుడు అనే బౌద్ధ భిక్షువు ఆచార్య నాగార్జునుడి పుస్తకాల్ని చైనా భాషలోకి మార్చాడు కాబట్టి ఆ పుస్తకాలు పదో శతాబ్దపు రసవాదివి అయ్యే ప్రశ్నే లేదు. హిందీ కవి నాగార్జున్ అసలు పేరు వైద్యనాథ్ మిశ్ర, 1911లో పుట్టాడు, అది కలంపేరు. అక్కినేని నాగార్జున గురించి నేను చెప్పక్కర్లేదు గానీ గూగుల్‌లో ఉత్తినే నాగార్జున అని కొడితే ముందు ఆయనే వస్తాడు, పక్కన "ఆచార్య" అనో, ఆ బౌద్ధ ఆచార్యుడి తత్వశాఖ పేరు "మాధ్యమిక" అనో చేర్చి వెతకండి.

ఈ కాలం వాళ్ళకొస్తే మనకి ఇంటిపేరు ఉందిగా అనుకుంటాం, కానీ ఇంటిపేరే కొంప ముంచే సందర్భాలున్నాయి, ఎందుకంటే సగం మందిని మనం ఇంటిపేరుతోనే పిలుస్తాం. "పుష్పవిలాపం జంధ్యాల రాశాడు, ఘంటసాల పాడాడు" అంటే మా అబ్బాయి హాస్య సినిమాల డైరెక్టర్ జంధ్యాల అనుకున్నాడు, ఆయన పుట్టింది 1951లో. ఆ పద్యాలు రాసింది జంధ్యాల పాపయ్యశాస్త్రి, కరుణశ్రీ అంటారే ఆయన, 1912 నుంచి 1992. ఘంటసాల కూడా ఒక్కడు కాదు, గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు, ఆయన కన్నా ముందే సినిమాల్లో ఉన్న నిర్మాత, దర్శకుడు ఘంటసాల బలరామయ్య, పైగా కృష్ణా జిల్లాలో ఘంటసాల అనే ఊరు, అక్కడ బౌద్ధ స్తూపం. విశ్వనాథ అంటే సత్యనారాయణకి ఇంటిపేరు, కాశీనాథుని విశ్వనాథ్‌కి సొంత పేరు. సత్యనారాయణ అంటే మళ్ళీ కైకాల గుర్తొస్తాడు, ఇలా పోతూనే ఉంటుంది.

పేరు, కులం గుర్తు రెండూ కలిసినా నమ్మొద్దు. వెంకయ్య నాయుడు అంటే మనకి ఉపరాష్ట్రపతిగా చేసినాయన, కానీ తెలుగు సినిమాకి ఆద్యుడు అంటారే ఆయన కూడా రఘుపతి వెంకయ్య నాయుడే, 1941లో పోయాడు, సినిమా అవార్డు ఆయన పేరు మీదే. సంఘసంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ఈయన అన్నగారు, ఈ అన్నదమ్ముల్ని కలిపేసిన వ్యాసాలు నేనే చూశా. జెండా పింగళి వెంకయ్య మళ్ళీ వేరు. ఇలాంటి చోట ఇంటిపేరు, సొంత పేరు, చేసిన పని మూడూ రాసేయడమే. తారక రామారావు అన్న పేరుకి మాత్రం జనం భలే దారి కనిపెట్టారు, పెద్ద ఎన్టీఆర్, జూనియర్ ఎన్టీఆర్, కేటీఆర్, ముగ్గురిదీ ఒకే పేరు, ఒక్కరు కూడా కలిసిపోరు. అలాగే శ్రీశ్రీ అంటే మనకి కవి, శ్రీశ్రీ రవిశంకర్ అంటే ఆధ్యాత్మిక గురువు, ఉత్త రవిశంకర్ అంటే సితార్ ఆయన.

వెతకడానికి తెలుగు వికీపీడియాలో "అయోమయ నివృత్తి" అని పేజీలుంటాయి, ఒకే పేరున్న వాళ్ళందర్నీ ఒకచోట వరసగా పెడతారు, ముందు అక్కడికెళ్ళి మనకి కావాల్సిన మనిషిని పట్టుకోండి. ఫోటోలతో మాత్రం జాగ్రత్త, ప్రతాపరుద్రుడికి ఫోటో ఎక్కడిది చెప్పండి, వచ్చేవన్నీ ఎవరో గీసినవో సినిమా స్టిల్సో, పిల్లల చార్టులో అతికించేముందు కింద "ఊహాచిత్రం" అని రాయించండి. ఏఐ యాప్‌ని అడిగినా పేరొక్కటే ఇవ్వకండి, "1289లో రాజైన ప్రతాపరుద్రుడు" అని సంవత్సరం కూడా ఇచ్చి అడగండి, లేకపోతే అదీ నాలాగే ధైర్యంగా తప్పు చెప్తుంది.

ఈ ఏడాది క్విజ్‌కి ప్రశ్న మార్చి రాశా, "రెండో ప్రోలరాజు కొడుకు, 1163లో హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించిన కాకతీయ రాజు ఎవరు?" అని. పోయినసారి పాపకి బాకీ పడ్డ చాక్లెట్ ముందే ఇచ్చేశా. కాగితం మాస్టారికి చూపిస్తే కళ్ళజోడు పైకి నెట్టి రెండుసార్లు చదివి, "1163 శాసనం వేసిన ఏడా, గుడి పని అయిపోయిన ఏడా నాయనా?" అన్నారు.