గెడ్డ నీటి బుడగలతో సంగీతం కట్టే పద్ధతి

నీళ్లలో చినుకు పడితే వినిపించే ‘టుబుక్’ చినుకుది కాదు. దాని వెంట లోపలికి చిక్కుకున్న గాలి బుడగది. ఆ బుడగ ఉబ్బుతూ ముడుచుకుంటూ మోగుతుంది. దాని పరిమాణానికీ, అది పలికే స్వరం ఎత్తుకూ (పిచ్) ఉన్న లెక్కను భౌతిక శాస్త్రవేత్త మార్సెల్ మినార్ట్ 1933లో తేల్చాడు. నీటి పైపొరల్లో ఉన్న బుడగకైతే 3260ని వ్యాసార్ధంతో (మి.మీ.) భాగించండి, హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) వస్తుంది. 1 మి.మీ. బుడగ 3260 దగ్గర, 3 మి.మీ. బుడగ 1087 దగ్గర, 10 మి.మీ. బుడగ 326 దగ్గర పలుకుతాయి. ఎలక్ట్రోఅకౌస్టిక్ రచన (రికార్డు చేసిన, ఎలక్ట్రానిక్ శబ్దాలతో సంగీతం కట్టడం) నేర్చుకునేవారికి ఈ ఒక్క సూత్రం చాలా దూరం పనికొస్తుంది. ఒడిశాలో పర్లాకిమిడి పక్కన మహేంద్రతనయ, గుణుపురం దగ్గర వంశధార, కొండల్లో అడుగడుగునా గెడ్డలు (కొండవాగులు) ఉండగా ముడిసరుకుకు లోటు లేదు.

ముందు నీటి మైకు చేసుకోవాలి. 27 మి.మీ. పీజో బిళ్ల (కంపనాన్ని విద్యుత్తుగా మార్చేది) ఒకటి, 3 మీటర్ల షీల్డు కేబుల్, అరాల్డైట్, సీసా మూత ఉంటే చాలు. కేబుల్ లోపలి తీగను మధ్యలోని తెల్లటి భాగానికి, పైన అల్లిన జాలీని ఇత్తడి అంచుకు టంకం పెట్టండి. ఒక్కో చోట 2 సెకన్లు దాటితే వేడికి వెండి పూత లేచిపోతుంది. తర్వాత బిళ్లను మూతలో పెట్టి, రెండు వైపులా 2 మి.మీ. మందాన అరాల్డైట్ పోయండి. మరీ మందంగా పోస్తే సన్నని శబ్దాలు మసకబారతాయి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడొద్దు, అది లోహాన్ని తినేస్తుంది. గట్టిపడ్డాక రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచి మల్టీమీటరుతో రెండు తీగల మధ్య నిరోధం చూడండి. ఏదైనా అంకె చూపితే నీరు లోపలికి చేరినట్టే.

ఎక్కువమంది తప్పు చేసేది తర్వాతి మెట్టులో. పీజో బిళ్ల సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటరు లాంటిది. దాన్ని 2 కిలోఓముల మైక్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే 4000 హెర్ట్జ్ కింద ఉన్నదంతా క్రమంగా పోతుంది. పెద్ద బుడగలు వినబడవు, పైన సన్నని గరగర మిగులుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (శబ్దాన్ని కంప్యూటరుకు అందించే పెట్టె) గిటారు కోసం ఇచ్చే 1 మెగాఓము ఇన్‌పుట్‌కు కలిపితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది. మైకులకు ఇంటర్‌ఫేస్ పంపే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఆపేయండి.

రికార్డింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో పెట్టి, పెద్ద శబ్దం కూడా మైనస్ 12 డెసిబెల్ దాటకుండా చూడండి. మైకును వెదురు కర్రకు కట్టి, సీసం గుళ్లు బరువుగా వేసి, ఒక జానెడు లోతులో దించండి. అడుగున ఆనిస్తే ఇసుక దెబ్బలే పడతాయి. కేబుల్ ఒడ్డుకు రాసుకోకుండా వదులుగా వేలాడదీయండి. రాయగడ దగ్గర నాగావళి మీదున్న హాతీపథర్ లాంటి జలపాతం కింద బుడగలన్నీ ఒకటే హోరుగా కలిసిపోతాయి, మొదట్లో అక్కడికి పోవద్దు. రాయి మీంచి సన్నగా జారే ధార మేలు. దగ్గర్లో పొలం మోటారు నడుస్తుంటే 50 హెర్ట్జ్ హమ్ వస్తుంది కాబట్టి అది ఆగాక మొదలుపెట్టండి. వానాకాలంలో మాత్రం ఊరి చెరువు గట్టునే పని చేయండి. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది.

ఇంటికొచ్చి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణాన ఏ హెర్ట్జ్ మోగిందో చూపే బొమ్మ) తెరవండి, విండో సైజు 1024. అడ్డంగా మెరిసి ఆరిపోయే చిన్న గీతలే బుడగలు. కొన్ని చివర పైకి వంగుతాయి, అవి నీటి పైకి చేరుతున్నవి. కనీసం 50 బుడగలకు మొదలైన సమయం, హెర్ట్జ్ రాసి, వ్యాసార్ధం లెక్కగట్టండి. వాటి మధ్య విరామాల సగటు, ప్రామాణిక విచలనం (సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) కూడా కట్టండి. రెండూ దాదాపు సమానమైతే బుడగలు యాదృచ్ఛికంగా వస్తున్నట్టు అనుకోవచ్చు. విచలనం బాగా తక్కువైతే అది ఆకు కొసనుంచి కారే చుక్కలాంటి క్రమం, కింద చెప్పే విరామాల సూత్రం దానికి నప్పదు.

ఇక కూర్పు. ప్యూర్ డేటా అనే ఉచిత శబ్ద ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో బుడగను తగ్గిపోయే సైన్ తరంగంగా చేయండి. తరంగం ఎత్తు మొదటి దానిలో 37 శాతానికి తగ్గడానికి 1 మి.మీ. బుడగకు సుమారు 3 మిల్లీసెకన్లు, 3 మి.మీ. బుడగకు 11, 10 మి.మీ. బుడగకు 50 పెట్టండి. అన్నిటికీ ఒకటే పెడితే నీరు పోయి గాజు గోళీలు వినిపిస్తాయి. విరామానికి 0, 1 మధ్య యాదృచ్ఛిక సంఖ్య తీసుకుని, దాని సహజ లాగరిథమ్ గుర్తు మార్చి, సెకనుకు సగటు బుడగల సంఖ్యతో భాగించండి. సెకనుకు 20 అయితే 0.5కి 35 మిల్లీసెకన్లు వస్తుంది, 0.05కి 150. గ్రీకు స్వరకర్త ఇయానిస్ జెనాకిస్ 1955–56లో ‘పితోప్రక్త’ రాస్తూ వాయు అణువుల వేగాల విభజనను (ఏ వేగం ఎన్నిటికి ఉంటుందనే లెక్కను) తీగవాద్యాల గ్లిసాండోలకు (స్వరం నుంచి స్వరానికి జారే జారుడుకు) వాడాడు. అతను శాస్త్రం నుంచి తీసుకున్నది శబ్దాన్ని కాదు, విభజనను. మనమూ అదే చేస్తున్నాం.

రచన నడక సాంద్రతలో ఉంటుంది. సెకనుకు 2 బుడగలతో మొదలుపెట్టి మూడు నిమిషాల్లో 200కు పెంచండి. అక్కడ విడి బుడగలు కరిగి ఒక్క ధారవుతాయి. వ్యాసార్ధాలను మీ పట్టికలోంచే తీయండి. చివరగా అదే భాగాన్ని సమాన విరామాలతో ఇంకోసారి చేసి, సెకనుకు 10 ఉన్న చోట రెండూ పోల్చి వినండి. తేడా తెలియకపోతే విరామాల లెక్కలో ఎక్కడో తప్పుంది. ముందుగా ప్రతి బుడగకూ కొత్త యాదృచ్ఛిక సంఖ్య తీస్తున్నారా, లేక ఒకే సంఖ్య మళ్లీ మళ్లీ వస్తోందా చూడండి.