డిఫ్లెక్టర్ టేపు లోడైంది!

ఇక్కడ బ్రిటన్‌లో పాత సామాన్ల సంతలో దొరికిన డిఫ్లెక్టర్ క్యాసెట్ క్యాసెట్ల నుంచి గేములు లోడ్ చేసుకునే నా పాత కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లో ఎంతకీ లోడ్ కాలేదు. 1987లో వచ్చిన పజిల్ గేమ్ అది. అద్దాలు తిప్పుతూ లేజర్ కిరణాన్ని మళ్లించి, గోళాలన్నీ పేల్చి, కిరణాన్ని రిసీవర్‌కి చేర్చాలి. కిరణం బయల్దేరిన చోటికే తిరిగొస్తే ఓవర్‌లోడ్ పెరిగిపోతుంది. ఆ టెన్షనే దాని అందం.

లోడింగ్ మొదలవగానే స్క్రీన్ అంచుల్లో ఎరుపు, లేత నీలం చారలు నిలకడగా వచ్చేవి. అవి సన్నటి నీలం, పసుపు చారలుగా మారాక కాసేపటికే ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్’. అంటే టేపు మీది శబ్దం కంప్యూటర్‌కి అందుతోంది, కానీ ఆ శబ్దంలో ఉన్న డేటా చెడిపోతోంది. వేరే క్యాసెట్లు బాగానే లోడవుతున్నాయి కాబట్టి కంప్యూటర్ తప్పు కాదు.

ముందు ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ప్లేయర్‌లో టేపును చదివే హెడ్డు తుడిచాను. గోధుమరంగు మురికి వచ్చింది కానీ ఎర్రర్ పోలేదు. అసలు మందు హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూ. హెడ్డు వంపును మార్చేది అదే. టేపు రికార్డు చేసిన యంత్రం వంపుతో అది కలవకపోతే సన్నటి శబ్దాలు మొద్దుబారిపోతాయి. ప్లేయర్‌ను కంప్యూటర్‌కి కలిపే కేబుల్ తీసేసి, స్పీకర్‌లో డేటా మోత వింటూ స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. ఒకచోట ఆ మోత ఒక్కసారిగా పదునెక్కి గరగరలాడింది. అక్కడే ఆపి, కేబుల్ పెట్టి, వాల్యూమ్ ముప్పావు దాకా పెంచాను. లోడైంది!

స్క్రూ మొదట ఏ దిక్కున ఉందో మాత్రం పెన్నుతో గుర్తు పెట్టుకోండి. మిగతా క్యాసెట్లకి మళ్లీ అక్కడికే తిప్పాల్సి రావచ్చు.