రాబడి తగ్గినప్పుడు కర్నూలులో: మూడవ పాఠం – రెండు వందలతో ఒక రోజు

మొదటి పాఠంలో అద్దె సంగతి తేల్చుకున్నాం. రెండవ పాఠంలో వంటగదిని దారిలో పెట్టుకున్నాం. ఆ రెండూ చేసినవారికి నెల ఖర్చు ఈపాటికి తగ్గి ఉండాలి. తగ్గకపోతే ముందుకు రాకండి, అవే మళ్లీ చేయండి. ఎందుకంటే ఈ పాఠం ఖర్చు పెట్టమని చెబుతుంది.

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం పోయి కర్నూలుకు తిరిగి వచ్చినవారు మొట్టమొదట మానేసేది తిరుగుడు. ఇది తప్పుడు పొదుపు. గదిలో కూర్చున్న మనిషి ఊరికే కూర్చోడు. ఫోను తీస్తాడు, అందులోనే తిండి తెప్పించుకుంటాడు, అవసరం లేనిది కూడా సగం ధరకు వస్తోందని కొంటాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న మాట ఈ ఫోనుల కాలానికి మరీ బాగా అతుకుతుంది. కాబట్టి వారానికి ఒక రోజు, రెండు వందల రూపాయలు అని చిట్టాలో ముందే ఒక పద్దు రాసేయండి. అందులోంచి బస్సుకూ టీకీ తీయండి. కనీసం యాభై రూపాయలు మాత్రం అనుకోని అవసరానికి విడిగా ఉండాలి. తిండికి పైసా తీయకూడదు.

తిండి ఇంటినుంచే వెళ్లాలి. దీనికి జొన్నరొట్టెను మించింది లేదు. పెనం మీద బాగా ఎండే దాకా కాల్చిన రొట్టె రెండు మూడు రోజులైనా పాడవదు. తోడుగా వేరుశెనగ పొడి, ఒక పచ్చి ఉల్లిపాయ, ఉప్పు కలిపిన నిమ్మనీళ్లు చాలు. ఉగ్గాణి కట్టుకుపోదామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. నానబెట్టి పిండిన బొరుగులు మధ్యాహ్నానికి ముద్దైపోతాయి. దాన్ని బయలుదేరే ముందు వేడివేడిగా తినేయండి, మిరపకాయ బజ్జీ ఉంటే మరీ మంచిది. పొడి బొరుగులను మాత్రం నిరభ్యంతరంగా సంచిలో వేసుకోవచ్చు.

ఇక బస్సు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో రాష్ట్రంలోని మహిళలకు ప్రయాణం ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్టు తీసుకోవాలి. అంతర్రాష్ట్ర సర్వీసులకు ఇది వర్తించదు. తుంగభద్ర దాటితే తెలంగాణే కాబట్టి కర్నూలువాళ్లకు ఈ సంగతి తరచూ అడ్డం వస్తుంది. మగవాళ్లు ఎటు వెళ్లినా టికెట్టు కొనాల్సిందే. దిగే ముందు కండక్టరును రెండు ప్రశ్నలు అడగండి: తిరుగు బస్సు ఎక్కడ ఆగుతుంది? ఆఖరి బస్సు ఎన్నింటికి? ఈ పాఠంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇవి గుర్తుంటే చాలు. చౌక ప్రయాణం ఖరీదైపోయేది ఆఖరి బస్సు తప్పినప్పుడే.

మొదటి వారం బస్సే ఎక్కవద్దు. తెల్లవారుతూనే కొండారెడ్డి బురుజు దగ్గర నడక మొదలుపెట్టి హంద్రీ వైపు దిగండి. ఒడ్డున ఒకప్పుడు కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ సమాధి ఉంది, పదిహేడవ శతాబ్దపు కట్టడం. అక్కడినుంచి హంద్రీ తుంగభద్రలో కలిసే చోటికి వెళ్లండి. దారిలో పెద్దవాళ్లెవరైనా కనిపిస్తే 2009 అక్టోబరు వరదలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అడగండి. చెయ్యెత్తి గోడ మీద చూపిస్తారు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు ఇది. ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని గుడారాల్లో నడిచిన రోజులవి. చాలీచాలని వసతితో నెట్టుకురావడం ఈ ఊరికి కొత్త కాదు.

రెండవ వారం గుళ్లు, అదీ ఒక జంట. శ్రీశైలం జలాశయం ముంపులో పోకుండా రాయి రాయి విప్పి తరలించిన గుళ్లలో రూపాల సంగమేశ్వరం గుడి కర్నూలు శివారులోని జగన్నాథ గట్టుకు వచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరం గుడి అలంపురానికి చేరింది. ఉదయం గట్టు ఎక్కి మొదటిది చూసి, హైదరాబాదు దారి బస్సులో అలంపూర్ చౌరస్తా దగ్గర దిగి, అక్కడినుంచి షేరు ఆటోలో వెళ్లి రెండవది చూడండి. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు కూడా అక్కడే ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నం వాటి నీడలో గడిచిపోతుంది. రొట్టె మూట విప్పడానికి నది ఒడ్డు ఎటూ ఉంది.

మూడవ వారానిది అసలైన సాహసం, ఎర్రగుడి. పత్తికొండ, గుత్తి మధ్య దారిలో, పొలాల నడుమ ఉన్న బండల మీద క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు వేయించిన బ్రాహ్మీ లిపి శాసనాలు ఉన్నాయి. ఒకదానిలో కొన్ని పంక్తులు కుడినుంచి ఎడమకు నడుస్తాయి. చెక్కినవాడికి ఆ రోజు ఏమి తోచిందో గాని, చూసేవాళ్లకు మాత్రం మెడ నొప్పి ఖాయం. పక్కనే జొన్నగిరి, తుగ్గలి. తొలకరి పడగానే ఆ పొలాల్లో జనం వజ్రాల కోసం వంగి నడుస్తుంటారు. ఎక్కడెక్కడినుంచో వచ్చి చెట్ల కింద మకాం వేసేవారూ ఉన్నారు. చూడడానికి తప్పక వెళ్లండి, ఎవరితోనైనా కాసేపు మాట్లాడండి. మీరు కూడా వంగాలనుకుంటే ముందు ఆ పొలం రైతును అడగండి, విత్తిన చాలు తొక్కకండి. దొరకబోయే వజ్రాన్ని మాత్రం చిట్టాలో రాబడి కింద రాయకండి. అప్పు తీర్చడానికి అదే దారి అనుకుని వారాల తరబడి అక్కడే ఉండిపోయేవారిని చూస్తే గుండె బరువెక్కుతుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలి. మార్చి నుంచి జూన్ దాకా రాయలసీమ ఎండలో బండల మీద తిరగడం సాహసం అనిపించుకోదు. ఆ నెలల్లో ఉదయం పది లోపు నడక ముగించి, పగలు గ్రంథాలయంలో కూర్చోండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలు చేస్తారు. ఆ కుర్చీకి మీ ఇంటివాళ్లు ఎప్పుడో డబ్బు కట్టేశారు కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

ఈ వారం అభ్యాసం: నడక రోజు పూర్తి చేసి, ఖర్చును బస్సు, టీ, అనుకోనిది అని మూడు గడుల్లో రాయండి. బస్సు గడి ఖాళీగా ఉండాలి. నాలుగవ పాఠం కరెంటు బిల్లు గురించి. దానికి మీ గత మూడు నెలల బిల్లులు కావాలి, ఇప్పుడే వెతికి పెట్టుకోండి.