అక్టోబరు క్లైంబింగ్ క్యాంపులు: తుపాకీ విషయం బయలుదేరే ముందే తేల్చుకోండి

అమెరికా పశ్చిమాన రాక్ క్లైంబింగ్‌కు మంచి కాలం అక్టోబరు, నవంబరు. ఎండ తగ్గి రాయి చల్లబడుతుంది, వేళ్లకు పట్టు దొరుకుతుంది. యూటాలో ఇండియన్ క్రీక్, కాలిఫోర్నియాలో బిషప్ పక్కనున్న బటర్‌మిల్క్ లాంటి చోట్ల వారాంతాల్లో జాగా దొరకడం కష్టం. క్యాంపుగ్రౌండ్ నిండిపోతే జనం మట్టిరోడ్డు పక్కన, పాత నిప్పుగుంట కనిపించిన చోట టెంట్ వేసుకుంటారు. ప్రభుత్వ భూమి కాబట్టి అది చాలాచోట్ల చట్టబద్ధమే, సాధారణంగా 14 రోజుల వరకు ఉండొచ్చు. కానీ అక్కడ గేటు లేదు, కాపలా లేదు. పక్క టెంట్‌లో ఎవరున్నారో తెలియదు, ఫోన్ సిగ్నల్ ఉండదు. యూటాలో రైఫిల్‌తో జింకల వేట మొదలయ్యేదీ అక్టోబరులోనే. అందుకే ఈ సీజన్‌లో క్లైంబర్ల క్యాంపు చుట్టూ తుపాకులు ఉంటాయనే అనుకుని వెళ్లాలి. మీ గుంపులో ఒకటి ఉండాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. దాన్ని పార్కింగ్‌లో సామాను దించేటప్పుడు కాదు, వారం ముందే ఫోన్లో తేల్చుకోవాలి.

వీసా మీద ఉన్నవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది

క్లైంబింగ్‌కు వెళ్లే మన పిల్లల్లో చాలామంది ఎఫ్‌1 మీదో హెచ్‌1బీ మీదో ఉన్నవాళ్లే. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. చదువుకునేవాళ్లు, ఉద్యోగులు, హెచ్‌4 మీద ఉన్న భార్యాభర్తలు, బీ2 మీద చూసిపోవడానికి వచ్చిన అమ్మానాన్నలు అందరూ ఇందులోకే వస్తారు. ఓపీటీ (చదువుకు అనుబంధంగా వచ్చే పని అనుమతి) ఉన్నా, హెచ్‌4 ఈఏడీ (హెచ్‌4 వాళ్ల పని అనుమతి) ఉన్నా తేడా లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. మినహాయింపుల్లో మనవాళ్లకు పనికొచ్చేది ఒకటి ఉంది: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. దాని గడువు తీరిన రోజే మినహాయింపూ పోతుంది. దాని మీద ఆధారపడాలనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ఇంకో స్నేహితుడి మాట మీద నడవకండి. శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్లు, 2022లో దాన్ని 10 నుంచి పెంచారు. నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికీ అదే కారణమవుతుంది.

ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, 'నాది కాదుగా' అనుకోవడంలో. చట్టం చూసేది తుపాకీ ఎవరి పేరున ఉందని కాదు, ఎవరి చేతిలో, ఎవరి అదుపులో ఉందని. నిప్పు దగ్గర సహోద్యోగి తన పిస్టల్ చూపించి 'పట్టుకో, ఫొటో తీస్తా' అంటే, పట్టుకున్న ఆ అర నిమిషం చాలు. ఆ ఫొటో మీ ఫోన్లోనో ఇన్‌స్టాలోనో ఉంటే సాక్ష్యం కూడా మీరే ఇచ్చినట్టు. బాత్రూమ్‌కు వెళ్తూ 'ఇది కాస్త చూస్తుండు' అని బ్యాగ్ అప్పగించినా అంతే. అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది కారు. కారు మీది, నడిపేది మీరు, గ్లోవ్‌బాక్స్‌లో స్నేహితుడి తుపాకీ ఉందని మీకు తెలుసు. పోలీసులు ఆపితే అది మీ అదుపులోనే ఉందని వాదించడానికి ఇంతకన్నా ఏం కావాలి? కాబట్టి తుపాకీ ఉన్న మనిషి తన కారులోనే రావాలి, తాళం అతని దగ్గరే ఉండాలి. మొహమాటపడకండి. 'వీసా మీద ఉన్నాను, ముట్టుకోకూడదు' అని ఒక్క మాట చెబితే తుపాకీ గురించి తెలిసిన అమెరికన్ ఎవరూ తప్పుపట్టరు.

రాష్ట్రం దాటితే చట్టం మారుతుంది

యూటాలో 2021 మే నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు, వేరే నిషేధం లేకపోతే, పర్మిట్ లేకుండానే తుపాకీ దాచి పట్టుకెళ్లొచ్చు. కాలిఫోర్నియాలో పర్మిట్ లేనివాళ్లు పిస్టల్‌ను తూటాలు తీసి, తాళం వేసిన డిక్కీలో గానీ తాళం వేసిన పెట్టెలో గానీ తీసుకెళ్లాలి. గ్లోవ్‌బాక్స్‌కు తాళమున్నా అది పెట్టె కింద లెక్కకు రాదు. 10 తూటాలకు మించి పట్టే మ్యాగజీన్‌ను (తూటాలు నింపే డబ్బాను) ఆ రాష్ట్రంలోకి తేవడమే నేరం. యూటా స్నేహితుడు ఇండియన్ క్రీక్ నుంచి నేరుగా బిషప్‌కు వస్తే, సరిహద్దు దాటే ముందు ఇదంతా సరిచేసుకోవాలి. దారిలో ఉన్న రాష్ట్రాల విషయానికొస్తే, బయలుదేరే చోటా చేరే చోటా అది చట్టబద్ధమైతే, తూటాలు తీసి, చేతికందని చోట తాళం వేసి దాటిపోవడానికి 1986 నాటి ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది.

నేషనల్ పార్కుల్లో 2010 ఫిబ్రవరి నుంచి ఆయా రాష్ట్ర చట్టమే నడుస్తోంది. కానీ విజిటర్ సెంటర్, రేంజర్ ఆఫీసు లాంటి ఫెడరల్ భవనాల్లోకి తుపాకీతో అడుగుపెట్టకూడదు. పర్మిట్ అడగడానికో మంచినీళ్లు పట్టుకోవడానికో నడుముకు పిస్టల్‌తో లోపలికి వెళ్లి ఇరుక్కునేది ఇక్కడే. నేషనల్ ఫారెస్ట్‌లో క్యాంపు, ఇల్లు, జనం ఉన్న చోటు దేనికైనా 150 గజాల లోపు కాల్చకూడదు, రోడ్డు మీదుగా అసలే కాల్చకూడదు. అది చట్టం పెట్టిన కనీస దూరం, క్షేమమైన దూరం కాదు. .22 లాంటి చిన్న తూటా కూడా మైలు దాటి పోగలదు.

తెచ్చినవాళ్లు ఎలా ఉంచాలి

గుంపులో ఎవరైనా తెస్తే ఆ సంగతి అందరికీ తెలియాలి. ఒక్క మనిషి, ఒక్క తుపాకీ, ఒక్క తాళం. ఇష్టం లేనివాళ్లకు రాననే హక్కుంది, తెచ్చే మనిషి ఆ మాట వినాలి.

క్లైంబర్ల క్యాంపులో అసలు చిక్కు పగటిపూటే. పొద్దున ఏడింటికి రాయి దగ్గరికి పోతే తిరిగొచ్చేది చీకటి పడ్డాకే. ఆ పది గంటలు తుపాకీ ఎక్కడుంటుంది? టెంట్‌కు ఉన్నది జిప్పు మాత్రమే, అందులో వదలడమంటే రోడ్డు మీద వదిలినట్టే. నడుముకు పెట్టుకుని ఎక్కుదామంటే హార్నెస్ (తాడు కట్టుకునే నడుము పట్టీ) బెల్టు సరిగ్గా హోల్‌స్టర్ (తుపాకీ ఒర) ఉండే చోటే బిగుస్తుంది. గేర్ లూపులకు వేలాడే క్యామ్‌లు (రాతి పగుళ్లలో పెట్టే లోహపు పరికరాలు), స్లింగులు (గట్టి పట్టీలు) ట్రిగ్గర్ దగ్గరే ఆడుతుంటాయి. పడినప్పుడు హార్నెస్ మొత్తం పైకి లాగేస్తుంది. బిలే చేసేవాళ్ల (ఎక్కేవాళ్ల తాడు పట్టుకుని కాపాడేవాళ్ల) నడుము దగ్గరా ఇదే పరిస్థితి. రాయి ఎక్కేటప్పుడు, బిలే చేసేటప్పుడు ఒంటి మీద తుపాకీ వద్దు. కింద వదిలేసే బ్యాక్‌ప్యాక్‌లోనూ వద్దు, ఎందుకంటే చాక్ (చేతుల చెమట పీల్చే పొడి) కోసమో మంచినీళ్ల కోసమో ఎవరి చెయ్యైనా ఆ సంచిలోకి పోతుంది.

మిగిలేది కారే. కారులో పెట్టాలంటే స్టీలు లాక్‌బాక్స్ కావాలి, దాన్ని స్టీలు కేబుల్‌తో సీటు కింది ఇనుప చట్రానికి చుట్టి బిగించాలి. అది ఎవరూ చూడని చోట, బయలుదేరే ముందే అమర్చండి. ట్రెయిల్ దగ్గర పార్క్ చేశాక అందరూ చూస్తుండగా పెట్టెలో పెట్టి తాళం వేయడమంటే దొంగకు దారి చూపించడమే. తుపాకీ కంపెనీ స్టిక్కర్లు కారుకు అంటించకండి. తూటాలను వేరే పెట్టెలో పెట్టండి. రోజంతా వాడని తుపాకీని కారులో వదిలేయాల్సి వస్తుందని ముందే తెలిస్తే, ఇంట్లో వదిలి రావడమే మేలని మా గట్టి అభిప్రాయం.

తూటాలు తీసే వరుస

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌తో జరిగే ప్రమాదాలకు ఒక కారణం వరుస తప్పడం. ముందు మ్యాగజీన్ బయటికి తీయాలి. ఆ తర్వాతే స్లైడ్ (తుపాకీ పైభాగంలో జరిగే లోహపు భాగం) వెనక్కి లాగాలి, ఛాంబర్‌లో (పేలడానికి సిద్ధంగా తూటా ఉండే గొట్టం వెనుక గదిలో) ఉన్న తూటా కింద పడుతుంది. స్లైడ్‌ను వెనక్కే ఆపి ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చిటికెనవేలితో తడమాలి. వరుస తిరగబడి ముందు స్లైడ్ లాగితే ఒక తూటా బయటికొస్తుంది, స్లైడ్ ముందుకు పోతూ మ్యాగజీన్‌లోంచి ఇంకొకటి ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంది. అప్పుడు మ్యాగజీన్ తీసి 'ఖాళీ' అనుకున్న తుపాకీ నిండుగానే ఉంటుంది. హెడ్‌ల్యాంప్ వెలుతురులో, చలికి మొద్దుబారిన వేళ్లతో, రోజంతా రాయి పట్టుకుని వాచిన చేతులతో ఈ తప్పు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. అందుకే ఈ పని పగటి వెలుతురులో, మనుషులకు దూరంగా, గొట్టం మెత్తటి మట్టివైపు పెట్టి చేయాలి. బండరాయివైపు పెట్టకండి, రాయికి తగిలిన తూటా ఎటు మళ్లుతుందో చెప్పలేం.

హోల్‌స్టర్‌లోకి తిరిగి పెట్టేటప్పుడూ ఆగి చూడండి. డౌన్ జాకెట్ అంచున ఉండే తాడు, దాని ప్లాస్టిక్ బిళ్ల ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరితే, తుపాకీని కిందికి నొక్కగానే అదే ట్రిగ్గర్ లాగేస్తుంది. హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టిదై ఉండాలి. గుడ్డ సంచి, ప్యాంటు జేబు, స్లీపింగ్ బ్యాగ్ మడత హోల్‌స్టర్లు కావు. ఇసుకనేలలో సన్నటి దుమ్ము స్లైడ్ పట్టాల్లో చేరుతుంది. నూనె ఎక్కువ పూస్తే ఆ దుమ్ము ముద్దకట్టి తుపాకీ మొరాయిస్తుంది, కాబట్టి పలచటి పొర చాలు.

ఆ సాయంత్రం ఎవరైనా మొదటి బీరు తెరిచాక తుపాకీ తెచ్చిన మనిషి చేతుల్లోకి అది రాకూడదు. ఆ మనిషే తాగాలనుకుంటే ముందు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి తాగని మనిషికి ఇవ్వాలి. వీసా మీద ఉన్నవాళ్లకు మాత్రం కాదు.

రాత్రి, పక్క టెంట్

తలగడ కింద తుపాకీ పెట్టుకుని పడుకోవడం చాలామందికి ధైర్యంగా అనిపిస్తుంది. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినప్పుడు టెంట్ గుడ్డ మీద కనిపించే నీడ దొంగదా, బాత్రూమ్ నుంచి తిరిగొస్తున్న మీ స్నేహితుడిదా? తేల్చుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. నైలాన్ గుడ్డ తూటాను ఆపదు, పక్కనున్న వ్యాన్ రేకు కూడా ఆపదు. రాత్రిళ్లు బయటికి వెళ్లేవాళ్లు హెడ్‌ల్యాంప్ వెలిగించుకుని, పేరు చెప్పుకుంటూ రావడం అలవాటు చేసుకోండి. చీకట్లో పరాయి టెంట్ల మధ్యలోంచి అడ్డంగా నడవకండి, కొత్త చోటికి అర్ధరాత్రి చేరితే దూరం నుంచే 'హలో, క్యాంపర్స్' అని పలకరించండి.

మనిషి వల్ల భయం కలిగితే తుపాకీ కన్నా కారు తాళంచెవి ముందు పనికొస్తుంది. 2021 ఆగస్టులో మొయాబ్ దగ్గరి లా సాల్ కొండల్లో క్యాంపు వేసుకున్న ఒక జంట తుపాకీ కాల్పుల్లో చనిపోయారు. తమ టెంట్ దగ్గర తేడాగా కనిపించే మనిషి ఉన్నాడని, చోటు మార్చాలనుకుంటున్నామని వాళ్లు అంతకుముందే స్నేహితులకు చెప్పారు. ఈ విషయంలో మా మాట ఒక్కటే: మనసు ఒప్పుకోకపోతే తెల్లారేదాకా ఆగకండి. కారును రోడ్డువైపు ముఖం పెట్టి పార్క్ చేయండి, తాళంచెవి రోజూ ఒకే చోట పెట్టండి, ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. అవసరమైతే టెంట్ అక్కడే వదిలేసి బయల్దేరండి. టెంట్ ఇంకొకటి కొనుక్కోవచ్చు. జాగా కోసమో, మ్యూజిక్ శబ్దం కోసమో గొడవ వస్తే వెనక్కి తగ్గండి. తగువులో తుపాకీ తీసి చూపించడమే చాలాచోట్ల నేరం, కాల్చక్కర్లేదు.

వేటగాళ్లు, గురి చూసేవాళ్లు

యూటాలో రైఫిల్‌తో జింకల వేట అక్టోబరు మూడో వారాంతం అటూఇటూగా మొదలై తొమ్మిది రోజులుంటుంది. ఏటా తేదీలు మారతాయి, రాష్ట్ర వన్యప్రాణి శాఖ ప్రకటించినవి చూసుకోండి. ఆ రోజుల్లో తెల్లవారుజామునా సందెవేళా పొదల మధ్య నడవాల్సివస్తే మెరిసే నారింజ రంగు టోపీ, వెస్టు వేసుకోండి. బ్యాక్‌ప్యాక్‌కూ ఒక నారింజ గుడ్డ కట్టండి. కుక్క ఉంటే దానికీ వేయండి. గోధుమ, తెలుపు రంగులు జింకను గుర్తుచేస్తాయి, మానుకోండి.

దగ్గర్లో ఎవరో సీసాలు పెట్టి గురి చూసి కాలుస్తుంటే వాళ్ల ముందువైపు నుంచి వెళ్లకండి. వెనుకగా, పక్కగా వెళ్లి, ఆపినప్పుడు గట్టిగా పిలిచి 'అటువైపు మనుషులు ఎక్కుతున్నారు' అని చెప్పండి. చాలామంది నిజంగానే చూసుకోరు, చెప్పగానే ఆపేస్తారు. తూటాలు మీవైపే వస్తుంటే బండరాయి వెనక్కో, కారు ఇంజిన్ ఉన్న భాగం వెనక్కో వెళ్లి వంగి కూర్చోండి. కారు తలుపు అడ్డం కాదు.

ఎలుగుబంటి కోసమైతే

ఎలుగుబంటి కోసం తుపాకీ కావాలనేవాళ్లు ముందు ఏ ఎలుగుబంటో అడగాలి. యోసెమిటీలో ఉన్నవి నల్ల ఎలుగులు. అక్కడ చేయాల్సింది తిండి, టూత్‌పేస్టు సహా వాసన వచ్చేవన్నీ ఇనుప లాకర్‌లో పెట్టడం. ఆ పార్కులో బేర్ స్ప్రే (ఎలుగును ఆపే మిరపఘాటు స్ప్రే) కూడా నిషిద్ధం. వయోమింగ్‌లోని టీటన్స్, విండ్ రివర్ కొండల ఉత్తరాన గ్రిజ్లీలు (పెద్ద గోధుమ ఎలుగులు) ఉంటాయి, అక్కడ స్ప్రే ప్రతి ఒక్కరి నడుముకూ ఉండాలి. భయంలో, పరిగెత్తుకొచ్చే జంతువు మీద పిస్టల్ గురి పెట్టడం కన్నా 30 అడుగుల ముందు మబ్బులా పరుచుకునే స్ప్రే నమ్మదగింది. గడువు తేదీ చూసి కొనండి. వేడెక్కిన కారులో వదిలితే డబ్బా పగలొచ్చు. విమానంలో చేతి సామానులోనూ చెక్ఇన్‌లోనూ రానివ్వరు, కాబట్టి చేరాక అక్కడే కొనుక్కోవాలి.

తూటా తగిలితే

ప్రతి క్యాంపులో ఒక నిజమైన టోర్నికెట్ (కడ్డీ తిప్పి బిగించి రక్తం ఆపే పట్టీ), రెండు చుట్టల గాజుగుడ్డ, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం ఉండాలి. ఇండియన్ క్రీక్‌లో సిగ్నల్ ఉండదు. ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లు ఆకాశం కనిపించే చోట ఉపగ్రహంతో అత్యవసర మెసేజ్ పంపగలవు, ఇంట్లోనే డెమో చేసి చూసుకోండి. చేతికో కాలికో తగిలి రక్తం చిమ్ముతుంటే గాయానికి రెండు మూడు అంగుళాలు పైన, కీలు మీద కాకుండా, టోర్నికెట్ కట్టి రక్తం ఆగేదాకా కడ్డీ తిప్పండి. విపరీతంగా నొప్పి పుడుతుంది, అయినా వదులు చేయకండి. కట్టిన సమయం నుదుటి మీద రాయండి. క్లైంబింగ్‌లో వాడే సన్నటి కార్డెలెట్ తాడు, డైనీమా (సన్నటి గట్టి నార) స్లింగ్ దీనికి పనికిరావు. అవి కండను కోస్తాయి, రక్తనాళాన్ని మూయవు. గజ్జల్లోనో చంకలోనో తగిలితే గాజుగుడ్డ లోపలికి కూరి, రెండు చేతులతో బరువంతా వేసి నొక్కి పట్టుకోవాలి. సాయం పిలిచేటప్పుడు జీపీఎస్ అంకెలు ఇవ్వండి, తుపాకీ ఇప్పుడు ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో కూడా చెప్పండి. సహాయక బృందం లోపలికి రావాలో ఆగాలో ఆ మాటను బట్టే నిర్ణయించుకుంటుంది.

తిరుగు ప్రయాణంలో

క్యాంపులో నేలమీద దొరికిన మెరిసే తూటాను జ్ఞాపకంగా జేబులో వేసుకోకండి. వీసా మీద ఉన్నవాళ్లకు అదీ నేరమే. తుపాకీ ఉన్న స్నేహితుడి దగ్గర బ్యాక్‌ప్యాక్ అరువు తెచ్చుకున్నా, వాడేసింది కొన్నా ప్రతి జేబూ తిరగేసి దులపండి. అదే సంచితో డిసెంబరులో హైదరాబాద్ విమానం ఎక్కితే, స్కానర్‌లో కనిపించిన ఒక్క తూటా ఇండియాలో ఆయుధాల చట్టం, 1959 కింద పోలీసు కేసు అవుతుంది. కొన్ని క్లైంబింగ్ సంచులకు లోపలి వైపున, వీపు ప్యాడ్ వెనుక ఒక సన్నటి జేబు ఉంటుంది. చాలామంది చూడటం మరిచిపోయేది దాన్నే.