చెవితో పక్షులను గుర్తుపట్టడం – 4వ పాఠం: షామా

పోయిన పాఠంలో పెద్ద నలంచి పాట విన్నాం. ఊళ్లో కరెంటు తీగ మీద కూర్చుని అందరికీ కనిపిస్తూ పాడుతుంది కాబట్టి చూస్తూ నేర్చుకున్నాం. దాని దగ్గరి బంధువు షామాతో ఆ వీలు లేదు. ఈ పొద నలంచి మారేడుమిల్లి లాంటి అడవుల్లో, వెదురు పొదల నీడలో ఉండి పాడుతుంది. మగది నిగనిగలాడే నలుపు, పొట్ట ఎర్రటి గోధుమ రంగు, పొడవాటి తోక, తోక మొదట్లో తెలుపు. ఆడది బూడిద రంగులో ఉంటుంది. ఇవన్నీ తెలిసినా ముందు దొరికేది గొంతే.

షామా పాటను బట్టీ పట్టాలని చూడకండి. ఒక్కో మగపక్షి ఒక్కోలా పాడుతుంది, చుట్టుపక్కల పక్షుల కూతలనూ అందులో కలిపేసుకుంటుంది. మీరు పట్టుకోవలసింది నాదం. పెద్ద నలంచిది సన్నటి గొంతు, పై స్థాయిలో ఉంటుంది. షామాది నిండుగా, వేణువులా, కింది స్థాయిలో మొదలవుతుంది. ఒక వరుస పాడి, కాస్త ఆగి, ఇంకో వరుస అందుకుంటుంది. బెదిరితే మాత్రం పొడిగా "టక్ టక్" అంటుంది.

అభ్యాసం ఇది. తెల్లవారకముందే ఒకచోట కదలకుండా కూర్చోండి. సాయంత్రమైతే సూర్యుడు అస్తమించాక కూడా ఉండండి, మిగతా పక్షులు సద్దుమణిగినా షామా పాడుతూనే ఉంటుంది. కళ్లు మూసుకుని విన్న ప్రతి వరుసకూ నోట్‌బుక్‌లో ఒక గీత గీయండి: స్వరం పెరిగితే పైకి, తగ్గితే కిందికి. ఆగినచోట ఖాళీ వదలండి. తర్వాత కళ్లు తెరిచి కింది కొమ్మల్లో వెతకండి. పురుగుల కోసం నేలకు దిగే పక్షి కాబట్టి చెట్ల చివర్లు చూస్తే దొరకదు. అడవికి వెళ్లలేనివాళ్లు పక్షుల గొంతుల రికార్డింగులు ఉండే సైట్లలో మన దేశంలో రికార్డు చేసిన షామా పాటలు దొరికితే వినండి.

ఆ రికార్డింగులను అడవిలో మాత్రం దయచేసి మోగించకండి. చెట్టు తొర్రలో ఆడపక్షి ఒక్కతే గూడు కడుతుంది, మగది కాపలా కాస్తుంది. మీ ఫోన్‌లో పాట విని శత్రువు వచ్చాడనుకుని అది గూడు వదిలి పరిగెత్తుతుంది.

ఈ గొంతే దానికి ముప్పు తెచ్చింది. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోచ్ అనే పిల్లవాడు రికార్డు చేసిన షామా పాటే, మనకు తెలిసినంతలో అతి పాత పక్షి రికార్డింగ్. అదీ పెంపుడు పక్షే. ఇండోనేషియాలో పాటల పోటీల కోసం వీటిని విపరీతంగా పట్టడంతో ఎన్నో అడవులు ఖాళీ అయ్యాయి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోకి షామా 2022లో గానీ రాలేదు. ఇంత ఆలస్యం జరగకుండా ఉండాల్సింది.

వచ్చే పాఠంలో ఇతర పక్షులను అనుకరించే భీమరాజు. ఈలోగా షామా గీతల పేజీ ఒకటైనా నింపండి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.