టోక్యోలో నిలబడి సుషీ తినడం ఎలా?

మావాళ్లు ఎవరు టోక్యో వచ్చినా సుషీ, అంటే చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క, తినిపించే డ్యూటీ నాదే. ఇండియన్లు ఎక్కువగా ఉండే నిషి కసాయిలో మా ఇల్లు, కొత్తగా దిగినవాళ్లకు మొదటి మకాం అదే. చుట్టాలు, ఆఫీసులో చేరిన కుర్రాళ్లు కలిపి ఇప్పటికి ఓ ముప్ఫై మందిని తాచిగుయి షాపులకు తీసుకెళ్లి ఉంటాను. తాచిగుయి అంటే నిలబడి తినడం. కుర్చీలుండవు. కౌంటరుకి అవతల సుషీ మాస్టరు, ఇవతల మనం. ఆ ముప్ఫై మందిలో పాతికమందికి పైగా ఒకే తప్పు, ఒకే చోట చేశారు. ఆ ఒక్కచోట ఆగి వివరంగా చెబుతాను. మిగతాదంతా గబగబా చెప్పేస్తాను, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు.

ఎక్కడికి, ఎప్పుడు

మొదటిసారి అయితే ఉవొగాషి నిహోన్‌ఇచికి వెళ్లండి. అకిహాబరా, ఇకెబుకురో, షిబుయా లాంటి చోట్ల బ్రాంచీలున్నాయి, స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. ముక్కల లెక్కన అమ్ముతారు. చవక రకాలు వంద యెన్ల పైచిల్లర నుంచి మొదలవుతాయి, ఊని (సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి లోపలి భాగం) లాంటివి ఐదొందలు దాటతాయి. రెండు మూడు వేల యెన్లు జేబులో ఉంటే నిశ్చింతగా తినొచ్చు. గింజాలో ఒనొదెరా వాళ్లకీ నిలబడి తినే షాపుంది. ఖరీదైన సుషీ రెస్టారెంటు నడిపేవాళ్లు పెట్టింది, రుచి వేరే స్థాయి, బిల్లు కూడా. కింద చెప్పిన పని చేతికి వచ్చాక అక్కడికి వెళ్లండి, ముందు వెళ్లి డబ్బు తగలేసుకోవద్దు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఆఫీసు జనం ఉంటారు, అప్పుడొద్దు. రెండున్నరకి వెళ్లండి. ముగ్గురి కంటే ఎక్కువమంది వెళ్లకండి. సూట్‌కేసులు స్టేషన్ లాకర్‌లో పడేయండి. సెంటు కొట్టుకోవద్దు, పక్కవాడి ముక్కుకి చేప వాసన కూడా తెలియాలి కదా.

లోపలికి వెళ్లగానే "ఇరాషాయ్‌మసే" అని అరుస్తారు. దానికి మనం బదులు చెప్పక్కర్లేదు. ఎంతమందిమో వేళ్లు చూపించి, వాళ్లు చూపించిన చోట నిలబడాలి. బ్యాగు తగిలించడానికి కౌంటరు కింద కొక్కెం ఉంటుందేమో చూసుకోండి. చేతులు తడిగుడ్డతో తుడుచుకోండి. టీ వేడిగా ఉంటుంది, జాగ్రత్త.

కుర్చీ లేదని మొహం మాడ్చుకునేవాళ్లకి ఒక మాట. ఈ రకం సుషీ పుట్టిందే బండి మీద. 1820ల ప్రాంతంలో ఎదో, అంటే ఇప్పటి టోక్యోలో, చేత్తో నొక్కి అప్పటికప్పుడు ఇచ్చే సుషీ మొదలైంది. హనయా యోహెయి అనే ఆయన పేరు ఎక్కువగా చెబుతారు. పనివాళ్లు దారిలో ఆగి, రెండు ముక్కలు నోట్లో వేసుకుని వెళ్లిపోయేవాళ్లు. కూర్చోవడం, పింగాణీ పళ్లేలు, గంటలకొద్దీ సాగే విందులు తర్వాత వచ్చాయి. బెల్టు మీద తిరిగే సుషీ అయితే 1958లో ఒసాకా పక్కన మొదలైంది. పిల్లలకి అది సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ బెల్టు మీద ముక్క ఎంతసేపటి నుంచి తిరుగుతోందో మనకి తెలియదు. ఇక్కడ మాస్టరు చేతిలోంచి మన నోటికి పది సెకన్లు. హోటల్లో ప్యాక్ చేయించుకున్న దోసెకి, పెనం పక్కన నిలబడి తిన్న దోసెకి ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే తేడా.

ఏం చెప్పాలి

ఒకేసారి పది చెప్పకండి. రెండు, మహా అయితే మూడు. అవి తిన్నాక మళ్లీ. "సుమిమాసేన్" అని పిలిచి, చేప పేరు చెప్పి, "ఒనెగాయ్‌షిమాస్" అనండి. పేరు రాకపోతే మెనూలో బొమ్మ చూపించండి. కొన్ని షాపుల్లో చీటీ మీద రాసివ్వాలి, కొన్నిట్లో స్క్రీన్ మీద నొక్కాలి.

వరస ఇది: ముందు తెల్ల చేప (తాయి, హిరామె), తర్వాత వెండిరంగు చేపలు అజి, కొహాదా, ఆ తర్వాత ట్యూనా, చివర్లో తియ్య సాస్ రాసిన అనాగో (పాములా పొడుగ్గా ఉండే సముద్రపు చేప), గుడ్డుతో చేసే తమాగో. ఎలాగైనా తినొచ్చు అనేవాళ్లున్నారు. వాళ్లు పాయసం తాగాక పప్పన్నం కలుపుకునే రకం. సాల్మన్ మొదట చెప్పొద్దు. పచ్చి సాల్మన్ సుషీలోకి వచ్చిందే 1980లలో నార్వే వాళ్లు జపాన్‌లో తమ చేప అమ్ముకోవడానికి చేసిన ప్రచారంతో. తర్వాత తినండి, ఎవరొద్దన్నారు.

కొహాదా మాత్రం వదలొద్దు. ఉప్పులో, తర్వాత వెనిగర్‌లో ఊరబెట్టిన చిన్న వెండిరంగు చేప. మాస్టరు చేతివాటం దీంట్లోనే తెలిసిపోతుంది. మొన్న కాకినాడ నుంచి మా బావ వచ్చినప్పుడు మెనూ చూసి "పులస లేదా?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు గానీ, కొహాదా నిజంగానే పులసకి దూరపు చుట్టం. పేర్లు మారే అలవాటు కూడా ఉంది. సముద్రంలో ఇలస, గోదావరికి ఎదురీదితే పులస అన్నట్టే, ఈ చేప బాగా పిల్లగా ఉంటే షింకో, కాస్త ఎదిగితే కొహాదా, ఆపైన నకజుమి, పూర్తిగా పెరిగితే కొనొషిరో. ఈ ముక్క చెప్పాకే బావకి సుషీ మీద గౌరవం కలిగింది.

శాకాహారులకి నిజం చెప్పాలి. దోసకాయ పెట్టి చుట్టే కప్పా మాకి ఉంటుంది, అది తినండి. సూపు ముట్టుకోవద్దు, సాధారణంగా అది ఎండు చేప నీళ్లతోనే కాస్తారు. తమాగోలో, ఎండు సొరకాయ పెట్టి చుట్టే కాంప్యో మాకిలో కూడా ఆ నీళ్లే కలిసే అవకాశం ఎక్కువ. మా పిన్ని ఆరు కప్పా మాకిలు తిని, ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకుంది.

సాస్‌లో అద్దడం

ఇక అసలు సంగతికి వద్దాం.

మాస్టరు చేతులు చూడండి. ఎడమ చేతిలో చేప ముక్క, దాని మీద వేలితో వసాబి (ముక్కుకెక్కే ఘాటైన ఆకుపచ్చ ముద్ద), కుడిచేత్తో చెక్క డబ్బాలోంచి తీసిన అన్నం. నాలుగైదు నొక్కులు, అంతే. సంగటి ముద్దలా గట్టిగా చేయడు. మెతుకుల మధ్య గాలి ఉండాలి. వేళ్ల మధ్య నిలవాలి, నాలుక మీద విడిపోవాలి. ఏళ్ల తరబడి నేర్చుకునేది ఆ నొక్కే.

అంత చేసి పెడితే మనవాళ్లు ఏం చేస్తారు? గిన్నె నిండా సోయా సాస్ పోసుకుని, ఇడ్లీని సాంబారులో ముంచినట్టు అన్నం వైపు నుంచి దించుతారు. రెండు సెకన్లు చాలు. అన్నం సాస్ పీల్చేస్తుంది, అడుగు మెతుకులు ఊడిపోతాయి, పైకి లేపేసరికి సగం గిన్నెలో తేలుతుంది. మిగిలింది నోట్లో పెట్టుకుంటే ఉప్పు తప్ప ఏమీ తెలియదు. అప్పుడు నన్ను తిడతారు: "దీనికా ఇంత దూరం తీసుకొచ్చావు?"

నేనూ అదే చేశాను, ఒప్పుకుంటాను. మొదటిసారి వెళ్లిన చోట నా గిన్నెలో మెతుకులు తేలగానే మాస్టరు మాట్లాడకుండా గిన్నె మార్చాడు. మళ్లీ తేలాయి, మళ్లీ మార్చాడు. మూడోసారి గిన్నె ఇవ్వలేదు, తనే బ్రష్షుతో సాస్ రాసి ముక్క నా ముందు పెట్టాడు. నవ్వనైనా నవ్వలేదు. ఆ రోజు నుంచి నేర్చుకున్న పద్ధతి ఇది.

సాస్ గిన్నె అడుగు కనిపించేంత మాత్రమే పోసుకోండి. చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి చేత్తో తినండి. చేత్తో తినడం ఇక్కడ తప్పు కాదు, పైగా మనకి పుట్టుకతో వచ్చిన విద్య. ముక్కని పైనుంచి పట్టుకోవద్దు. ముందు చూపుడు వేలితో పక్కకి ఒరిగించండి, నిద్రపోతున్న పిల్లాణ్ణి పక్కకి తిప్పినట్టు. ఇప్పుడు బొటనవేలు అన్నం వైపు, చూపుడు వేలు, మధ్య వేలు చేప వైపు పెట్టి తేలిగ్గా పట్టుకోండి. నొక్కొద్దు. మణికట్టు వంచి, చేప అంచు మాత్రం సాస్‌కి తగిలించండి. ఎంత? బొట్టు పెట్టుకోవడానికి కుంకుమలో వేలు ఎంత అద్దుతామో అంత. అన్నానికి చుక్క కూడా తగలకూడదు. చేప నాలుకకి తగిలేలా తిప్పి నోట్లో పెట్టుకోండి.

ఒకటే ముద్ద. కొరికి సగం పళ్లెంలో పెట్టడం మహాపాపం. పట్టదేమో అని భయపడకండి, పట్టే సైజులోనే చేస్తారు. పాతకాలం బండి మీద ముక్కలు ఇప్పటివాటికి రెండింతలు ఉండేవట. యుద్ధం తర్వాత బియ్యం రేషన్ ఉన్న 1947లో, కస్టమరు ఒక గో బియ్యం, అంటే నూటయాభై గ్రాముల దాకా, తెచ్చిస్తే పది ముక్కలు చేసి ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఒక పూటకి పది ముక్కలనే లెక్క అప్పటి నుంచే స్థిరపడింది.

అద్దే ముందు ఇంకో సంగతి చూసుకోవాలి. చేప మీద ఇప్పటికే సాస్ మెరుస్తోందా? అనాగో మీద, కొన్ని షాపుల్లో ట్యూనా మీద కూడా మాస్టరే రాసి ఇస్తాడు. అలాంటప్పుడు "సొనొ మమ దె" అంటాడు, "అలాగే తినేయండి" అని. మా బావకి అది "మామా" అని వినపడి ఎవర్రా అని వెనక్కి చూశాడు. చూసి, ఆ అనాగోని మళ్లీ సాస్‌లో ముంచాడు.

ఇకురా (సాల్మన్ గుడ్లు), ఊని లాంటివి నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) చుట్టిన చిన్న తొట్టెలా వస్తాయి. వాటిని తిరగేస్తే పైనున్నదంతా గిన్నెలో పడుతుంది. పక్కన పెట్టే అల్లం ముక్క, గారి, ఉంది కదా, దాన్ని సాస్‌లో అద్ది బ్రష్షులా పైన రాయండి. గారి అందుకూ, ముక్కకీ ముక్కకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికీ. ఊరగాయలా ప్రతి ముద్దకీ నంజుకోవడానికి కాదు.

కారం సరిపోలేదని వసాబిని సాస్‌లో కలిపి పచ్చడి చేయడం రెండో పెద్ద తప్పు. ముక్క లోపల మామూలుగా ఇప్పటికే ఉంటుంది. ఆవపిండి ముక్కుకెక్కినట్టే ఇదీ ఎక్కుతుంది, రెండింటి ఘాటూ ఒకటే పదార్థం. సాస్‌లో కలిపితే ఆ ఘాటు పల్చబడిపోతుంది. ఇంకా కావాలంటే చేప మీద కొంచెం పెట్టుకోండి. పిల్లలకి వద్దంటే "సాబి నుకి" అని ముందే చెప్పండి.

తిన్నాక

"ఒకాయ్‌కే ఒనెగాయ్‌షిమాస్" అంటే బిల్లు ఇస్తారు. సినిమాలు చూసి "ఒఐసో" అనకండి, అది షాపువాళ్లు తమలో తాము అనుకునే మాట. టిప్పు పెట్టొద్దు, పెడితే వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగిచ్చేస్తారు. "గొచిసోసమా" అని బయటికి వచ్చేయండి. ఇరవై ఐదు నిమిషాలు దాటి నిలబడకండి, గుమ్మం దగ్గర ఇంకొకరు చూస్తుంటారు.

మా బావకి తొమ్మిదో ముక్కకి చెయ్యి కుదిరింది. అజి అంచు అద్దాడు, ఒక్క మెతుకు జారలేదు. మాస్టరు కత్తి తుడుచుకుంటూ తల చిన్నగా ఊపాడు. బావ వెంటనే ఇంకో రెండు కొహాదా చెప్పాడు.